వార్డులో జరిగిన పొరపాటు నేరం ఎప్పుడవుతుంది? అంతా 'గ్రాస్' అనే మాట దగ్గరే ఉంది

నర్సింగ్ విద్యార్థులతో చట్టం గురించి మాట్లాడటం మొదలుపెడితే ఐదు నిమిషాల్లో ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది: "పొరపాటున తప్పు మందు ఇస్తే జైల్లో పెడతారా?" అవునని చెబితే భయపెట్టినట్టు, కాదని చెబితే అబద్ధం చెప్పినట్టు. జవాబు ఏ మందు ఇచ్చారన్న దాని మీద కన్నా, ఇచ్చేటప్పుడు ఆ నర్సుకు ఏం తెలుసు, ఏం చూసింది, దేన్ని చూసీ చూడనట్టు వదిలేసింది అన్న వాటి మీద ఎక్కువగా ఆధారపడుతుంది.

పాఠ్యపుస్తకాల్లో ఈ సంగతికి బదులు ఒక పట్టిక ఉంటుంది. ఫెలనీ, మిస్‌డిమీనర్, కాగ్నిజబుల్, బెయిలబుల్, ప్రయత్నం, ప్రేరేపణ అన్నీ ఒకే కుప్పలో పోసి ఉంటాయి. పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టి, మర్నాడు రాసేసి, మూడో రోజుకు మర్చిపోతారు. అందులో విద్యార్థుల తప్పేమీ లేదు. ఆ పట్టికలో ఉన్నవి ఒకే ప్రశ్నకు జవాబులు కావు. నేరం ఎంత పెద్దది అన్నది ఒక ప్రశ్న. పోలీసులు ఏం చేయొచ్చు అన్నది ఇంకొకటి. ఎవరి పాత్ర ఎంత, పని ఎక్కడిదాకా వచ్చి ఆగింది అన్నవి మరో రెండు. వీటన్నిటికన్నా ముందు తేలాల్సిన ప్రశ్న వేరే ఉంది: అసలు ఇది నేరమేనా?

ఒకే ఆంప్యూల్, నలుగురు నర్సులు

గాఢమైన పొటాషియం క్లోరైడ్ తీసుకుందాం. బాగా పలచన చేసి, నెమ్మదిగా ఎక్కించాల్సిన మందు ఇది. కలపకుండా సిరంజితో నేరుగా సిరలోకి తోస్తే గుండె ఆగిపోవచ్చు. ఇప్పుడు నలుగురు నర్సులను ఊహించుకోండి. నలుగురూ అదే పని చేశారు. నలుగురి విషయంలోనూ పేషంట్ చనిపోయాడు.

మొదటి నర్సు చంపాలనే ఇచ్చింది. రెండో నర్సుకు కలపాలని బాగా తెలుసు. కానీ పని ఒత్తిడిలో "ఈ ఒక్కసారికి ఏమీ కాదులే" అనుకుని తోసేసింది. మూడో నర్సు అది ఫ్యూరోసెమైడ్ (ఒంట్లో చేరిన నీటిని మూత్రంలో పంపే మందు) అనుకుంది. రెండు ఆంప్యూళ్లూ ట్రేలో పక్కపక్కనే ఉన్నాయి, లేబుల్ చదవకుండా తీసింది. నాలుగో నర్సు లేబుల్ చదివింది, డోసు సరిచూసింది, పేషంట్ పేరు అడిగింది. అయితే ఆ ఆంప్యూల్ మీద తయారీలోనే వేరే మందు లేబుల్ పడింది.

చేతులు చేసిన పని నలుగురిదీ ఒకటే. లా పుస్తకాలు దీన్ని ఆక్టస్ రియస్ అంటాయి. ఆ పని వెనక ఉన్న మానసిక స్థితి పేరు మెన్స్ రియా. చాలా నేరాలకు ఈ రెండూ కలవాలి. మొదటి నర్సుది హత్య, అందులో చర్చేమీ లేదు. నాలుగో నర్సుది నేరం కాదు. తగినంత జాగ్రత్తతో, చట్టబద్ధమైన పని చేస్తుండగా జరిగిన ప్రమాదం అది. మన ఇప్పటి శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 18వ సెక్షన్ ఇలాంటి సందర్భానికే ఉంది. రెండో నర్సు ప్రమాదం ఉందని తెలిసీ తెగించింది. చట్టం దీన్ని రాష్ అంటుంది, కొన్ని దేశాల్లో రెక్‌లెస్ అంటారు. దుడుకుతనం అని చెప్పుకోవచ్చు. దీనికి శిక్ష తప్పడం కష్టం.

చిక్కంతా మూడో నర్సుతోనే. ఆమెకు చెడు ఉద్దేశం లేదు. ప్రమాదం తెలిసి తెగించిందీ లేదు. చదవాల్సిన లేబుల్ చదవలేదు, అంతే. రోజుకు వందసార్లు చేసే పనిలో ఒక్కసారి కన్ను తప్పింది. ఈమెను నేరస్తురాలు అనాలా వద్దా అన్న దాని మీద కోర్టులు వందేళ్లుగా తర్జనభర్జన పడుతున్నాయి.

ఎంత నిర్లక్ష్యం అయితే నేరం?

నిర్లక్ష్యానికి రెండు ముఖాలున్నాయి. తగిన జాగ్రత్త తీసుకోకపోవడం వల్ల ఒకరికి నష్టం జరిగితే పరిహారం ఇవ్వాలి, ఇది సివిల్ బాధ్యత. డబ్బుతో తీరే వ్యవహారం. క్రిమినల్ బాధ్యత అలా కాదు, ఇక్కడ ఫిర్యాదు పక్షాన రాజ్యమే నిలబడుతుంది. రుజువు కూడా సహేతుకమైన సందేహానికి తావు లేనంతగా ఉండాలి. ఈ రెండింటి మధ్య గీత ఎక్కడ?

1925లో ఇంగ్లండ్‌లో బేట్‌మన్ అనే డాక్టర్ కేసులో కోర్టు ఇచ్చిన జవాబును ఇప్పటికీ చెప్పుకుంటారు. నిర్లక్ష్యం ఇద్దరు వ్యక్తుల మధ్య పరిహారంతో తేలిపోయే స్థాయి దాటి, ఎదుటివాళ్ల ప్రాణమంటే లెక్కలేనితనంగా కనిపిస్తేనే అది రాజ్యం శిక్షించాల్సిన నేరమవుతుందని కోర్టు అన్నది. ఆ స్థాయికి అతుక్కున్న పేరే 'గ్రాస్'.

1994లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ ముందుకు అడొమాకో కేసు వచ్చింది. అందులో నిందితుడు మత్తు డాక్టర్. కంటి ఆపరేషన్ మధ్యలో పేషంట్‌కు ఊపిరి అందించే గొట్టం ఊడిపోయింది. అలారం మోగింది. ఆయన వేరే కారణాలు వెతికారు తప్ప, గుండె ఆగేదాకా గొట్టం సంగతి గమనించలేదు. పని తెలిసిన మత్తు డాక్టర్ ఎవరైనా 15 సెకన్లలో పట్టుకోవాల్సిన విషయం అది అని ఒక నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. లార్డ్స్ శిక్షను సమర్థించారు. ఎంత నిర్లక్ష్యమైతే గ్రాస్ అవుతుందో కొలిచే పని మాత్రం జ్యూరీకి వదిలేశారు. నేరమనిపించేంత చెడ్డగా ఉంటే అది నేరం అన్నట్టయింది, మళ్లీ మొదటికే వచ్చినట్టు. ఈ తిరకాసు ఉందని తీర్పులోనే ఒప్పుకున్నారు కూడా. నాకైతే ఈ నిజాయితీ నచ్చుతుంది. కొలబద్ద లేని చోట ఉన్నట్టు నటించలేదు.

భారత్‌లో ఈ గీత గీసింది 2005 ఆగస్టులో వచ్చిన జేకబ్ మాథ్యూ తీర్పు. కేసు పంజాబ్‌ది. ఊపిరాడక అవస్థ పడుతున్న క్యాన్సర్ పేషంట్‌కు తెచ్చిన ఆక్సిజన్ సిలిండర్ ఖాళీగా ఉంది. ఇంకోటి తెచ్చేలోపు ప్రాణం పోయింది. సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం డాక్టర్ జేకబ్ మాథ్యూ మీది క్రిమినల్ కేసును కొట్టేసింది. సిలిండర్ లేకపోవడం ఆసుపత్రిని సివిల్‌గా బాధ్యురాలిని చేస్తే చేయొచ్చు గానీ, ఆ డాక్టర్‌ను నేరస్తుడిని చేయదని చెప్పింది. అప్పటి శిక్షాస్మృతి 304ఎ సెక్షన్‌లో గ్రాస్ అనే మాటే లేదు. అయినా వైద్య వృత్తిలో ఉన్నవాళ్ల విషయంలో అది ఉన్నట్టే చదువుకోవాలని కోర్టు తేల్చింది. ఇంకా కొన్ని రక్షణలు కూడా పెట్టింది: కేసు ముందుకు కదలాలంటే ఇంకొక వైద్య నిపుణుడి నమ్మదగిన అభిప్రాయం ఉండాలి, ఆరోపణ రాగానే అలవాటుగా అరెస్టు చేయకూడదు.

తీర్పు భాషంతా డాక్టర్ల చుట్టూనే తిరుగుతుందని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఒక నర్సు కథ, అడుగడుగునా

గ్రాస్ అంటే ఏమిటో సిద్ధాంతంగా చెబితే బుర్రకెక్కదు. 2017 డిసెంబర్‌లో అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రంలో జరిగిన ఘటన చూద్దాం. రడోండా వాట్ అనే నర్సు. స్కానింగ్ గదిలో భయపడుతున్న 75 ఏళ్ల పేషంట్‌కు మిడజోలామ్ ఇవ్వాలి. దాని బ్రాండ్ పేరు వెర్సెడ్. మందుల యంత్రంలో వి, ఇ అని రెండక్షరాలు కొట్టింది. వెర్సెడ్ దొరకలేదు, ఎందుకంటే యంత్రం జనరిక్ పేర్లతో వెతుకుతోంది. ఆమె ఓవర్‌రైడ్ (యంత్రం పెట్టిన అడ్డును దాటేసే మీట) నొక్కి మళ్లీ వెతికి, వచ్చిన మందు తీసుకుంది. అది వెక్యురోనియం. కండరాలను పూర్తిగా చచ్చుబడేసే మందు. పేషంట్ ఊపిరి ఆగిపోయింది, మర్నాడు చనిపోయింది.

ఇక్కడిదాకా వింటే మూడో నర్సు కథే. జ్యూరీ ముందు ప్రాసిక్యూషన్ పేర్చింది మాత్రం దారిలో వదిలేసిన హెచ్చరికలను. మిడజోలామ్ ద్రవం, వెక్యురోనియం పొడి. పొడిని నీళ్లతో కలుపుతున్నప్పుడైనా అనుమానం రావాలి. వయల్ మూత మీద ఇది పక్షవాతం తెచ్చే మందు అని హెచ్చరిక ఉంది. ఇచ్చిన తర్వాత పేషంట్ ఎలా ఉందో కాసేపు నిలబడి చూడలేదు. డిఫెన్స్ వాదన కూడా గట్టిదే: ఆ ఆసుపత్రిలో అప్పట్లో కంప్యూటర్ మార్పుల వల్ల ఓవర్‌రైడ్ నొక్కడం రోజువారీ పనైపోయింది, తప్పు వ్యవస్థది.

ఆమె మీద మొదట మోపింది రెక్‌లెస్ హోమిసైడ్. అంటే మన రెండో నర్సు తరహా నేరం. 2022 మార్చిలో జ్యూరీ దాన్ని ఒప్పుకోలేదు. ఒక మెట్టు కిందికి దిగి, నేరపూరిత నిర్లక్ష్యం వల్ల మరణం, నిస్సహాయ స్థితిలో ఉన్న వ్యక్తి పట్ల తీవ్ర నిర్లక్ష్యం అనే రెండు నేరాలకు దోషిగా తేల్చింది. మేలో మూడేళ్ల ప్రొబేషన్ విధించారు, జైలు లేదు. లైసెన్స్ సంగతి ఇంకో దారిలో నడిచింది. నర్సింగ్ బోర్డు మొదట చర్య అక్కర్లేదని చెప్పి, తర్వాత మనసు మార్చుకుని 2021లో లైసెన్స్ రద్దు చేసింది. క్రిమినల్ కోర్టు, లైసెన్స్ బోర్డు, పరిహారం దావా, ఉద్యోగం ఇచ్చినవాళ్ల క్రమశిక్షణ చర్య అనే ఈ నాలుగూ ఒకదానికొకటి కట్టుబడి ఉండవు. ఒకచోట బయటపడితే అన్నిచోట్లా బయటపడినట్టు కాదు.

ఈ కేసు నుంచి, ఇలాంటివే ఇంకొన్నింటి నుంచి నాకు అర్థమైంది ఇది. ఒక్క తనిఖీ తప్పితే చాలాసార్లు పొరపాటుగానే చూస్తారు. వరసగా మూడు నాలుగు హెచ్చరికలు కళ్ల ముందే వచ్చి వెళ్లినా ఆగకపోతే, అక్కడ కోర్టు గ్రాస్ అనే మాట తీస్తుంది. సరైన పేషంట్, సరైన మందు, సరైన డోసు అంటూ ఐదు సరిచూపులు, ఏడు సరిచూపులు అని వార్డులో నేర్పేవి పేషంట్ కోసం పెట్టినవే. కోర్టులో అవే కొలబద్దలవుతాయి.

ఇంకో అసౌకర్యమైన నిజం. అదే తప్పు చేసి, పేషంట్ అదృష్టవశాత్తు బతికి ఉంటే ఈ కేసు ఈ రూపంలో ఉండేది కాదు. నిర్లక్ష్య నేరాలు చాలావరకు ఫలితం మీద వేలాడతాయి. న్యాయ సంహితలోనూ అంతే: మరణమైతే 106, గాయమైతే 125. ఈ 125లో గాయం ఏమీ కాకపోయినా, దుడుకుతనంతోనో నిర్లక్ష్యంతోనో ప్రాణాన్ని ప్రమాదంలో పడేస్తే 3 నెలల దాకా, గాయమైతే 6 నెలల దాకా, తీవ్ర గాయమైతే 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది. ప్రతి మెట్టులోనూ జైలుకు బదులు జరిమానాతో సరిపెట్టే వీలుంది. చేసిన తప్పు ఒకటే, పేషంట్ శరీరం దాన్ని ఎంత తట్టుకుందన్న దాన్ని బట్టి సెక్షన్ మారిపోతుంది. ఇది న్యాయమా అంటే నా దగ్గర సూటి జవాబు లేదు.

నర్సు ఆ నిర్వచనంలో లేదు

2024 జులై 1 నుంచి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. 304ఎ పోయి 106(1) వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణానికి పాత చట్టంలో గరిష్ఠ శిక్ష రెండేళ్లు. కొత్తదాంట్లో ఐదేళ్లు. అయితే వైద్య ప్రక్రియ చేస్తుండగా రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వల్ల జరిగితే మాత్రం రెండేళ్ల దాకానే అని మినహాయింపు ఇచ్చారు.

ఎవరీ రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్? అదే సెక్షన్ కింద వివరణ ఉంది: నేషనల్ మెడికల్ కమిషన్ చట్టం గుర్తించిన అర్హత ఉండి, జాతీయ లేదా రాష్ట్ర మెడికల్ రిజిస్టర్‌లో పేరున్నవాళ్లు. నర్సు పేరు ఉండేది నర్సింగ్ కౌన్సిల్ రిజిస్టర్‌లో. అక్షరార్థంగా చదివితే, ఒకే మంచం దగ్గర ఒకే ఘటనలో డాక్టర్‌కు గరిష్ఠం రెండేళ్లు, నర్సుకు ఐదేళ్లు. జీతంలో తేడా చూశాం, డ్యూటీ గంటల్లో తేడా చూశాం, ఇప్పుడు శిక్షలో కూడా. చట్టం చేసినవాళ్లు కావాలని ఇలా రాశారో, నర్సులు గుర్తుకే రాలేదో గానీ, విద్యార్థులకు ఈ ఒక్క వాక్యం క్లాసులో చదివి వినిపించి తీరాలి.

ఊరకే ఉండటం కూడా పనే

రోడ్డు మీద పడిపోయిన అపరిచితుడిని దాటి వెళ్లిపోతే చాలా దేశాల్లో నేరం కాదు. మనసుకు కష్టమే, కానీ నేరం కాదు. మీకు అప్పగించిన మంచంలోని పేషంట్ విషయం వేరు. ఆ షిఫ్ట్ తీసుకున్న క్షణం నుంచి మీ మీద చట్టపరమైన బాధ్యత పడింది. కాబట్టి చేయకపోవడం కూడా చేయడం కిందికే వస్తుంది. బీపీ పడిపోతోందని రాసుకుని డాక్టర్‌కు చెప్పకపోవడం, కాల్ బెల్ మోగుతున్నా పట్టించుకోకపోవడం, మానిటర్ అలారం విసిగిస్తోందని ఆపేయడం లాంటివి ఇందులోకి వస్తాయి. అడొమాకో కేసు కూడా అసలుకు ఒక చేయకపోవడమే.

2015లో ఇంగ్లండ్‌లో ఇసబెల్ అమారో అనే నర్సుకు ఇలాంటి కేసులోనే శిక్ష పడింది. ఆరేళ్ల బాబు పరిస్థితి దిగజారుతుంటే సరిగ్గా గమనించలేదని, నమోదు చేయలేదని, పైవాళ్లకు చెప్పలేదని అభియోగం. గ్రాస్ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైనందుకు రెండేళ్ల సస్పెండెడ్ శిక్ష, అంటే వెంటనే జైలుకు పంపకుండా ఆపి ఉంచే శిక్ష, వేశారు.

నిర్లక్ష్యం ఉన్నంత మాత్రాన సరిపోదు, ఆ నిర్లక్ష్యమే మరణానికి కారణమని కూడా చూపాలి. రాత్రంతా వైటల్స్ (బీపీ, నాడి, ఊపిరి లాంటివి) చూడలేదు సరే, చూసి ఉంటే బతికేవాడా? జబ్బే ముదిరిపోయి ఎలాగూ చనిపోయేవాడైతే, నర్సు తప్పు తప్పుగానే ఉంటుంది గానీ ఆ మరణం ఆమె ఖాతాలో పడదు. చాలా కేసులు ఇక్కడే నీరుగారిపోతాయి.

"డాక్టర్ గారు చెప్పారు, నేను చేశాను"

ఈ మాట ఎంత సహజంగా నోట్లోంచి వస్తుందో, కోర్టులో అంత తక్కువ పనికొస్తుంది. క్రిమినల్ బాధ్యత వ్యక్తిగతం. ఆర్డర్ రాసింది డాక్టరే కావచ్చు, ఇచ్చింది మీ చేతులు. పదింతల డోసు రాస్తే, ఆ డోసు తప్పని మామూలు నర్సుకు తెలిసే అవకాశం ఉంటే, అడక్కుండా ఇవ్వడం మీ నిర్లక్ష్యం. మామూలు నర్సుకు తెలిసే వీలే లేని లోతైన తప్పయితే, అది మీది కాదు. పరీక్ష ఎప్పుడూ ఒకటే: మీ స్థానంలో, అదే చదువు ఉన్న జాగ్రత్తపరులు ఏం చేసేవాళ్లు?

విద్యార్థి అయితే? యూనిఫాం వేసుకుని సిరంజి పట్టుకున్నాక "నేను స్టూడెంట్‌ని" అన్నది పూర్తి రక్షణ కాదు. రానిది వచ్చినట్టు ఒంటరిగా చేయబోవడమే ఒక నిర్లక్ష్యం. అలాగని సూపర్‌వైజ్ చేసే సిస్టర్ తప్పించుకోరు. ఆమె విద్యార్థి తప్పుకు బదులుగా శిక్ష అనుభవించదు, చూడకుండా వదిలేసిన తన తప్పుకు జవాబు చెబుతుంది. ఇద్దరికీ విడివిడిగా.

ఉద్దేశపూర్వక నేరాల్లో పాత్రల లెక్క వేరేలా ఉంటుంది. చేసినవారు, ఉసిగొల్పినవారు, సాయపడినవారు, తర్వాత దాచిపెట్టినవారు. కొన్ని దేశాల చట్టాలు వీరికి మెట్లుమెట్లుగా శిక్షలు పెడతాయి. న్యాయ సంహిత మాత్రం ఉమ్మడి ఉద్దేశంతో కలిసి చేస్తే, ఎవరి చేయి ఎంత కదిలిందన్నది చూడకుండా అందరినీ ఒకే గాటన కడుతుంది. డ్రగ్ అల్మారా తాళం తెలిసీ ఇచ్చినవాళ్లూ, మందు తీసినవాళ్లూ సమానమే.

ఇక ఆ పట్టిక సంగతి

పని ఎక్కడిదాకా వచ్చిందన్న వర్గీకరణ తేలికైనది. ఆలోచనకు శిక్ష లేదు. సన్నాహానికి సాధారణంగా లేదు. ప్రయత్నానికి ఉంది, పూర్తయితే పూర్తి శిక్ష. నిర్లక్ష్య నేరాలకు ఈ మెట్లు వర్తించవు. నిర్లక్ష్యం చేయడానికి ఎవరూ ప్రయత్నించరు కదా!

తీవ్రత ప్రకారం చేసేది దేశదేశానికీ మారుతుంది. అమెరికాలో ఏడాదికి మించి జైలు పడగల నేరాన్ని సాధారణంగా ఫెలనీ అంటారు, అంతకు లోపలిది మిస్‌డిమీనర్. ఫిలిప్పీన్స్ శిక్షాస్మృతి గ్రేవ్, లెస్ గ్రేవ్, లైట్ అని మూడు చేస్తుంది. ఫ్రాన్స్‌లోనూ మూడే, పేర్లు వేరు. భారత్‌లో ఫెలనీ అనే మాటకు చోటే లేదు. విదేశీ పుస్తకం చూసి రాసిన నోట్సు బట్టీ కొట్టినవాళ్లు ఇక్కడే తడబడతారు.

భారత్‌లో వాడుకలో ఉన్న వర్గీకరణ కేసు ఎలా నడుస్తుందన్న దాని మీద ఉంటుంది. వారంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగితే కాగ్నిజబుల్. బెయిల్ హక్కుగా దొరికితే బెయిలబుల్, కోర్టు విచక్షణ మీద ఉంటే నాన్ బెయిలబుల్. బాధితులు రాజీపడితే ముగిసిపోయేది కాంపౌండబుల్. ఇవి మూడు వేర్వేరు స్విచ్‌లు, ఒకటి వేస్తే మిగతావి వాటంతటవే పడవు. నిర్లక్ష్యం వల్ల మరణం కాగ్నిజబుల్, అయినా బెయిలబుల్. అంటే పోలీసులు స్టేషన్‌కు తీసుకెళ్లగలరు, పూచీకత్తు ఇస్తే వదలాల్సిందే. ఎఫ్ఐఆర్ అనగానే వచ్చే టెన్షన్‌లో సగం ఈ సంగతి తెలియకే.

దీనికి పూర్తి విరుద్ధంగా గర్భస్థ లింగ నిర్ధారణ నిరోధక చట్టం ఉంది, 1994 నాటిది. దాని కింద నేరాలు కాగ్నిజబుల్, నాన్ బెయిలబుల్, నాన్ కాంపౌండబుల్. స్కానింగ్ గదిలోంచి బయటికొచ్చి, ఆశగా చూస్తున్న బంధువులకు మాటతోనో సైగతోనో ఆడో మగో చెప్పేస్తే, స్విచ్‌లు మూడూ మీకు వ్యతిరేకంగా పడతాయి. మందు తారుమారై ప్రాణం పోయిన కేసులో హక్కుగా దొరికే బెయిల్ ఒక్క సైగ కేసులో దొరకదు. ఎందుకంటే ఒకటి పొరపాటు, ఇంకోటి తెలిసి చేసింది. పైగా దాని వెనక సమాజం మొత్తానికి జరిగే కీడు ఉంది.

కొన్ని పనులు స్వతహాగా చెడ్డవి కాకపోయినా చట్టం వద్దన్నందుకు నేరాలవుతాయి. మార్ఫిన్ లాంటి మందుల రిజిస్టర్ ఈ కోవలోది. కొన్ని దేశాల్లో ఇలాంటి వాటికి ఉద్దేశం చూడరు, లెక్క తప్పితే చాలు.

చెప్పనందుకు శిక్ష పడే సందర్భాలూ ఉన్నాయి. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు తెలపకపోతే పోక్సో చట్టం 21వ సెక్షన్ కింద 6 నెలల దాకా శిక్ష. "పేషంట్ గోప్యత కదా" అన్న సమాధానం అక్కడ చెల్లదు.

నేరంలా కనిపించని నేరాలు

పొరపాట్ల గురించే ఇంతసేపు మాట్లాడాం గానీ, వార్డులో ఉద్దేశపూర్వక నేరాలు కూడా జరుగుతాయి. చేసేవాళ్లకు అవి నేరాలని తోచదు, అంతే. పేషంట్‌కు రాసిన ఇంజెక్షన్‌లో సగం ఇచ్చి, మిగతాది జేబులో వేసుకుని, పూర్తిగా ఇచ్చినట్టు రాయడం అలాంటిదే. ఈ ఒక్క పనిలో దొంగతనం, తప్పుడు రికార్డు, మత్తుమందుల చట్టం మూడూ ఉన్నాయి. గొడవ చేస్తున్న ముసలాయనను రాతపూర్వక ఆర్డర్ లేకుండా, పని సులువవుతుందని మంచానికి కట్టేస్తే, అది అక్రమ నిర్బంధం కావచ్చు. వద్దని స్పష్టంగా చెబుతున్న, తెలివిలో ఉన్న పెద్దమనిషిని పట్టుకుని బలవంతంగా ఇంజెక్షన్ చేస్తే, ఉద్దేశం ఎంత మంచిదైనా దౌర్జన్యమే. బట్టలు తొలగి ఉన్న పేషంట్ ఫొటో ఫ్రెండ్స్ గ్రూపులో పెడితే ఐటీ చట్టం 66ఇ కింద మూడేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా.

సమ్మతి అన్నది ఈ మొత్తానికి ఇరుసు. సూది గుచ్చడం, కోయడం, కుట్టడం మామూలుగా అయితే గాయపరచడమే. పేషంట్ సమ్మతి, మేలు చేయాలన్న సదుద్దేశం కలిసి వాటిని వైద్యంగా మారుస్తాయి. స్పృహ లేని మనిషి, పక్కన ఎవరూ లేరు, ప్రాణం పోయేలా ఉంది అన్నప్పుడు సమ్మతి లేకపోయినా చేయొచ్చు. న్యాయ సంహిత 30వ సెక్షన్ అందుకే ఉంది.

షిఫ్ట్ చార్టు సాక్ష్యం కాదు

నిరూపణ గురించి ఒక కథ చెప్పకుండా ఉండలేను. నెదర్లాండ్స్‌లో లూసియా డి బెర్క్ అనే నర్సు డ్యూటీలో ఉన్నప్పుడే ఎక్కువ మరణాలు జరిగాయని ఆసుపత్రివాళ్లకు అనుమానం వచ్చింది. ఇది యాదృచ్ఛికంగా జరిగే అవకాశం 34 కోట్ల 20 లక్షల్లో ఒకటి అని ఒక లెక్క కోర్టు ముందుకు వచ్చింది. 2003లో యావజ్జీవం పడింది. ఆ లెక్కే తప్పు. అనుమానం వచ్చాక వెనక్కి వెళ్లి, ఆమె ఉన్న షిఫ్టుల్లోని ఘటనలనే అనుమానాస్పదమని ముద్ర వేస్తూ పోతే అంకెలు అలాగే వస్తాయి. హత్య అనుకున్న మరణాలు సహజమే కావచ్చని తర్వాత తేలింది. 2010లో పునర్విచారణలో నిర్దోషిగా విడుదలైంది. ఎవరు డ్యూటీలో ఉన్నారన్నది అనుమానానికి మొదలు కావచ్చు. ఆక్టస్ రియస్ ఉందని, అంటే అసలు ఒక నేరం జరిగిందని, వేరుగా రుజువు చేయాలి.

తప్పు జరిగిన తర్వాతి పది నిమిషాలు

మూడో నర్సు దగ్గరికి మళ్లీ వద్దాం. ఆంప్యూల్ మారిందని ఆమెకు అర్థమైంది. ఇప్పటిదాకా ఆమె చేసింది పొరపాటు, గ్రాస్ అవునా కాదా అని వాదించుకునే వీలున్న పొరపాటు. ఖాళీ ఆంప్యూల్ చెత్తలోకి విసిరి, ఛార్టులో ఫ్యూరోసెమైడ్ ఇచ్చినట్టు రాస్తే, ఆ నిమిషంలో కథ మారిపోతుంది. సాక్ష్యం మాయం చేయడం న్యాయ సంహిత 238వ సెక్షన్ కింద నేరం, తప్పుడు రికార్డు ఇంకొకటి. ఇందులో నిర్లక్ష్యం లేదు, ఉద్దేశం ఉంది. గ్రాస్ అన్న మాటతో పనే లేదు. వీటన్నిటికన్నా ముందు, ఏం మందు వెళ్లిందో తెలియక పేషంట్‌ను కాపాడే అవకాశం పోతుంది. రికార్డు దిద్దాల్సి వస్తే చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ, టైమ్ వేయాలి. ఆలస్యంగా రాస్తుంటే ఆలస్యంగా రాస్తున్నానని రాయాలి. కరెక్షన్ ఫ్లూయిడ్ కనిపిస్తే లాయర్‌కు పండగే.

నిజం ఒప్పుకుంటే కేసు ఉండదా అంటే, ఆ హామీ ఎవరూ ఇవ్వలేరు. రడోండా వాట్ తన తప్పు వెంటనే ఒప్పుకుంది. అయినా కేసు ఆగలేదు. ఆమె శిక్ష ఖరారు చేసే రోజు కోర్టు బయట నర్సులు గుమిగూడారు. చెప్పినవాళ్లనే శిక్షిస్తే రేపు ఎవరు చెబుతారన్నది వాళ్ల ప్రశ్న. ఆ ప్రశ్నకు పక్క రాష్ట్రం కెంటకీ 2024లో ఒక చట్టంతో జవాబిచ్చింది: వైద్యసేవ అందిస్తూ చేసిన పొరపాటు వల్ల హాని జరిగితే ఆరోగ్య సిబ్బందిపై క్రిమినల్ బాధ్యత ఉండదు. ఆ రక్షణ ఎవరికి దొరకదో కూడా అందులోనే రాశారు. కావాలని చేసినవాళ్లకు, తెలిసి తెగించినవాళ్లకు, ఇంకా గ్రాస్ నిర్లక్ష్యం చేసినవాళ్లకు. 1925 నాటి మాట, అదే చోట, ఇప్పటికీ కొలబద్ద లేకుండా.